బొట్టు కింద పగులు

పోయిన వారం యోగేశ్వరిని ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందిగా. మలేసియాలో సుంగై పెటాని శివార్లలో, ఒక రేకుల షెడ్డు ముందు, చచ్చిపోయిన తండ్రి విల్లుపెట్టె చేత పట్టుకుని. తండ్రి సూరిబాబు పోయి మూడు నెలలు. ఒకప్పుడు రబ్బరు ఎస్టేటంతా చెప్పుకున్న విలుకాడాయన. ముప్పై మూడేళ్ళ కిందట అలోర్ సెతార్‌లో, రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలో, లాగి పట్టుకున్న విల్లు చేతిలోనే పగిలి కుడికన్ను పోగొట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఆ విల్లు సరిచేసి ఇచ్చినవాడు కాళిముత్తు, సూరిబాబు ప్రాణస్నేహితుడు. "ఆడి సెయ్యే నా కన్ను తీసింది" అన్న మాట ఆ ఇంట్లో ప్రతిరోజూ వినిపించింది, అన్నంతోపాటు వడ్డించినట్టే. తీరా ఇపోలో విల్లుల కొట్టువాడు, ఉక్కుతీగల పాత విల్లు చూసి బాగుచేసే మనిషి దేశం ఉత్తరాన ఒక్కడే మిగిలాడని చెప్పి, రాసిచ్చిన చీటీలో ఉన్నది ఆ కాళిముత్తు పేరే. యోగేశ్వరి పళ్ళు కొరుక్కుంటూ వచ్చింది. వచ్చి, పెట్టె బల్లమీద దబ్బున పెట్టి, "మా నాయన కన్ను ఏటి సేసినావు?" అని ముఖం మీదే అడిగేసింది.

అడిగేసిందా! అడిగాక ఆ మనిషి ఏడుస్తాడనుకుంది, లేదా అరుస్తాడనుకుంది. రెండింటికీ సిద్ధపడే వచ్చింది. కానీ కాళిముత్తు రెండూ చెయ్యలేదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, వంగిన నడుము, వేళ్ళు మాత్రం ఇంకా ఇనుప పనివాడి వేళ్ళే. పెట్టె మూత తీసి, విల్లును రెండు చేతులతో పైకెత్తి, వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"లాగడం వచ్చునేటి నీకు?" అన్నాడు చివరికి.

తమిళుడే అయినా ఎస్టేటు లైన్లలో, ఆ కూలీల ఇళ్ళ వరసల్లో, మన తెలుగువాళ్ళ మధ్యే పుట్టి పెరిగాడు. అతని తెలుగు యోగేశ్వరి తల్లి కూర్మమ్మ తెలుగంత పచ్చిగా ఉంటుంది.

"నేనడిగిందేటి, నువ్వు సెప్తున్నదేటి?" అంది యోగేశ్వరి.

"ముందు లాగమ్మా. తరవాత కూకుని తీరిగ్గా తిట్టుదువు."

ఫ్యాక్టరీలో అరవైమంది మీద సూపర్‌వైజరు యోగేశ్వరి. ఆమెతో అలా మాట్లాడి బతికి బట్టకట్టినవాళ్ళు లేరు. ఒళ్ళు మండిపోయింది. అయినా కాళ్ళు కదల్లేదు. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆ పెట్టె మంచం కింద పెట్టుకుని పడుకుంటోంది కదా, అదేమిటో తెలుసుకోవాలన్న ఆరాటం కోపం కంటే పెద్దదైంది. అది తనకే సిగ్గుగా అనిపించింది.

కాళిముత్తు సొరుగులోంచి దూది ఉండ తీశాడు. విల్లు పిడికి పైనొకటి, కిందొకటి రెండు బద్దలుంటాయి. వాటి చివర్లలో చక్రాలు, ఆ చక్రాల మీదుగా ఉక్కుతీగలు, ఆ తీగలకి తగిలించిన నారి. దూదిని బద్దలమీదా తీగలమీదా అంగుళం అంగుళం రాసుకుంటూ పోయాడు. దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ పగులున్నట్టు. ఎక్కడా పట్టుకోలేదు.

"ఈ బద్దలు ఆనాటివి కావు. మీ నాయన తరవాత మార్పించినాడు," అన్నాడు.

"ఇపోలో మార్పించినాడంట. కానీ ఒక్కసారీ లాగలేదు."

పెట్టె అడుగున పాత సారోంగు లుంగీ గుడ్డలో చుట్టిన మూట ఒకటుంది. కాళిముత్తు చూపు దాని మీద పడి, ఆగి, పక్కకి తప్పుకుంది. అందులో ఏముందో యోగేశ్వరికి తెలుసు. ఆనాడు విరిగిన బద్ద ముక్కలు. తండ్రి పారెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో గడ్డి బోర్డు నిలబెట్టి ఉంది. పది మీటర్ల దూరంలో గీత. కాళిముత్తు ఆమె వేళ్ళకి తోలుముక్క తొడిగించి, కాళ్ళు ఎడంగా పెట్టించి, "భుజంతో కాదు, వీపుతో లాగాల," అన్నాడు. మొదటిసారి నారి సగం దాకా వచ్చి మొండికేసింది. రెండోసారి పళ్ళు బిగించి లాగింది. బరువు పెరిగి పెరిగి, ఇక నావల్ల కాదనుకున్న చోట చక్రాలు గిర్రున తిరిగి, ఉన్నపళంగా సగం బరువు మాయమైంది.

"ఓలమ్మ! బరువెక్కడికి పోయింది అంకుల్?"

"సక్రాలు మింగేసినాయి. ఇప్పుడు తొందర లేదు. సూసుకో, నిదానంగా వేళ్ళు వదులు."

వదిలింది. బాణం బోర్డు కింద ఎడమ మూలన దిగింది. గురి ఎక్కడ, అది దిగిందెక్కడ! అయినా యోగేశ్వరి నవ్వేసింది, నలభై అయిదేళ్ళ ముఖంలో ఎప్పుడో మానేసిన నవ్వు. మరో మూడు బాణాలు వేసింది. మూడోది నడిమి వలయానికి జానెడు దూరంలో పడింది. నాయన ఇందుకేనా తెల్లవారి రబ్బరు చెట్ల గీతకి పోయొచ్చి, గంజి తాగీ తాగకుండా మైదానానికి పరుగెత్తేవాడు అనుకుంది. ఆ వెంటనే, ఆ నాయన కన్ను తీసిన మనిషి పక్కన నిలబడి నవ్వుతున్నానని గుర్తొచ్చి నవ్వు చచ్చిపోయింది. ఆ చిరాకులోనే విల్లు మళ్ళీ ఎత్తింది. బాణం పెట్టలేదు. చిన్నప్పుడు విన్న ఆ ఖంగుమనే మోత ఒక్కసారి మళ్ళీ వినాలనిపించి, నారి చెంపదాకా లాగింది.

"ఇడవకు!"

కాళిముత్తు వంగిన నడుముతోనే ఎలా దూకాడో తెలీదు. ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. "ఇడవకు, ఇడవకు... అలాగే... మెల్లగా ముందుకి రానీ. బరువు మళ్ళీ వస్తాది, భయపడకు." ఇద్దరూ కలిసి నారిని అంగుళం అంగుళం దింపారు. దింపాక ఆయన గోడకి చేరబడి రొప్పాడు.

"ఉత్త నారి వదిలితే ఏమౌద్దో తెలుసునా నీకు? బాణంలోకి పోవలసిన బలమంతా తిరిగొచ్చి బద్దలకి తగుల్తాది. ఒక్కపాలి వదిలితే లోపల చీలిక, పదిమార్లు వదిలితే ముక్కలు. ఎవుళు నేర్పినారు నీకీ పని?"

యోగేశ్వరి జవాబు చెప్పబోయింది.

ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, చూసింది. వాళ్ళింట్లో దసరాల్లో సరస్వతి పూజనాడు పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టేవారు. గీత కత్తులు, రబ్బరు పాల బకెట్లు, నాయన సైకిలు. బొట్లు పెట్టి హారతి ఇస్తే పూజ అయిపోయినట్టు కాదు కూర్మమ్మకి. పనిముట్టును పలికించాలి. పలికిస్తేనే అది మేలుకుని ఏడాదంతా ఇంటిని కాస్తుందని అత్తగారు చెప్పిన పద్ధతి. కత్తితో బకెట్టు మీద కొట్టేవారు, సైకిలు బెల్లు మోగించేవారు, డ్రైవరింట్లో వాళ్ళు లారీ హారను కొట్టేవారు. మరి విల్లును ఎలా పలికించాలి? లాగి వదలాలి!

"విల్లుకి బొట్టు పెట్టుకో, సెయ్యి మాత్రం ఎయ్యొద్దు" అని సూరిబాబు గట్టిగానే చెప్పాడు. అందుకని ఆయన గుడికి ప్రసాదం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కూర్మమ్మ పని కానిచ్చేది. కావిళ్ళతో రబ్బరు పాలు మోసిన భుజాలు ఆవిడవి, చెంపదాకా లాగేసేది. ఉక్కుతీగలు ఖంగున మోగితే పన్నెండేళ్ళ యోగేశ్వరి చప్పట్లు కొట్టేది. "మీ నాయనకి సెప్పకేం" అని తల్లి వేలు చూపించేది.

యోగేశ్వరి అదంతా చెప్పింది. "ఒక్క పూజకేనా?" అన్నాడు కాళిముత్తు.

"ఈ విల్లు ఇంటికొచ్చిన రెండేళ్ళూ పూజకి. మళ్ళా..." యోగేశ్వరి వేళ్ళకున్న తోలుముక్క ఊడదీసింది. "మళ్ళా ఆ పోటీ రోజు పొద్దున్న. నాయన నీళ్ళు పోసుకోడానికి పోతే. గెలవాలని, మూడుసార్లు. నేను లెక్కపెట్టినాను అంకుల్."

కాళిముత్తు షెడ్డులోకి వెళ్ళి, అంతసేపూ చూపు తప్పించుకున్న ఆ సారోంగు మూట తీసుకొచ్చి బల్లమీద విప్పాడు. ఆనాడు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఒక్కసారి ఆ బద్ద చూడనివ్వండని ఎంత బతిమాలాడో మొదటిసారి చెప్పాడు. చూపించలేదు. చూపించకుండానే అందరూ తేల్చేశారు. బద్ద చివర, చక్రం కూర్చునే చీలిక దగ్గర, విరుపు అంచుకి వెంట్రుకలాంటి పగులొకటి లోపలికి పోయి ఉంది. సూది మొనకి దూది చుట్టి ఆ పగులులో తిప్పి తీశాడు.

దూది ఎర్రగా వచ్చింది.

"రక్తమా?" అంది యోగేశ్వరి.

"కాదమ్మా. రక్తమైతే నల్లబడిపోయుండేది. కుంకం." కాళిముత్తు ఆ దూదిని వెలుతురుకి పట్టాడు. "పగులు పోటీకి ముందే ఉండాది, మొదటేడు పూజకే పడుంటాది. ఉండబట్టే బొట్టు లోపలికి దిగింది. ఆ సాయంత్రం నేను విల్లంతా తుడిచినాను, ప్రతి బోల్టూ సూసినాను. ఈ ఒక్క జాగా తుడవలేదు. సామి బొట్టు తుడవకూడదని తుడవలేదు. అయ్యో కడవులే, దేవుడా! నా వేలు ఒక్కపాలి ఇక్కడ రాసుంటే..."

ముప్పై మూడేళ్ళుగా ఏ బోల్టు ఎక్కువ బిగించానో, ఏ తీగ తప్పు వేశానో అని ప్రతిరోజూ తలుచుకున్న మనిషి. ఎస్టేటులో సైకిలు బాగు చెయ్యమని ఇచ్చే దిక్కు కూడా లేక, పెళ్ళాం బిడ్డలతో పోర్ట్ క్లాంగ్ పోయి పధ్నాలుగేళ్ళు కంటైనరు లారీ తోలినవాడు. తిరిగొచ్చాక కూడా గుళ్ళో తెలుగువాళ్ళ వరసలో కూర్చోవడానికి జంకేవాడు. అదంతా ఒక బొట్టు కింద దాక్కుని ఉంది. ఆయన ఏడుపు చూస్తుంటే యోగేశ్వరికి తనను తాను చెంపలు వాయించుకోవాలనిపించింది.

ఎందుకంటే ఆవిడకి ఇంకో లెక్క ఉంది. కాళిముత్తు కొడుకు దేవన్. లైన్లలో కలిసి పెరిగినవాడు. ఇరవై ఏళ్ళ కిందట పోర్ట్ క్లాంగ్ నుంచి పదిహేను రోజులకోసారి బస్సెక్కి వచ్చి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, నన్ను చేసుకుంటావా అని అడిగినవాడు. ఆమెకీ ప్రాణమే. అయినా తండ్రి ఖాళీ కంటిగుంట గుర్తు చేసుకుని, "నీ అయ్య మా ఇంటిని గుడ్డిది సేసినాడు, నీ ముఖం సూపించకు" అంది. అన్న మాట అన్నట్టే జరిగింది. అతను మళ్ళీ కనిపించలేదు. అతనికి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఈవిడకి మాత్రం ఇంకెవరి పక్కనా నిలబడాలనిపించలేదు.

"నాకేటీ వద్దు," అన్నాడు కాళిముత్తు ముఖం తుడుచుకుని. "సూరిబాబు పోయినాడు, ఆడికి తెలీకుండానే పోయినాడు పాపం. మీ అమ్మ నోటంట ఒక్క మాట కావాల. కాళిముత్తు సెయ్యి తప్పు సెయ్యలేదని. గుళ్ళో నలుగురి ముందు. సాలు, అంతే."

"సెప్పిస్తాను," అంది యోగేశ్వరి. కారు తాళాలు తీసి బల్లమీద పెట్టింది. కాళిముత్తే అందుకుని కారు తోలాడు.

దారిపొడుగునా ఆమె తల్లిని తలుచుకుని బాధపడుతూనే ఉంది, చూడండి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మొగుడు పోయి మూడు నెలలు. తన చేతులతో తనే చేసిందని ఇప్పుడు చెబితే తట్టుకుంటుందా? మెల్లగా చెప్పాలి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి అనుకుంది. కాళిముత్తును కారులోనే ఉండమంది. పిలిచినప్పుడు రమ్మంది.

కూర్మమ్మ ముందు గదిలో కింద కూర్చుని నెత్తళ్ళ చేపల తలలు తుంచుతోంది. టీవీలో ఏదో తమిళ సీరియల్ గోల పెడుతోంది. యోగేశ్వరి టీవీ కట్టేసి ఎదురుగా కూర్చుంది.

"ఏటే, ముఖం అలాగుంది? ఫ్యాక్టరీలో ఏటైనా అయ్యిందా?"

"అమ్మా, నాయన పోటీకెళ్ళిన రోజు పొద్దున్న విల్లు పలికించినావు కదా. ఉత్త నారి అలా వదిలితే బద్ద లోపల చీలిపోద్దంట. నీకు తెలీదు, తెలీక సేసినావు. నిన్నేమీ అనడానికి రాలేదు నేను. కానీ ఆ కన్ను పోయింది దానివల్లనమ్మా. కాళిముత్తు అంకుల్ తప్పు కాదు."

కూర్మమ్మ వేళ్ళు ఆగలేదు. ఒక నెత్తలి తల తుంచింది. ఇంకొకటి తుంచింది.

"ఎవుళు సెప్పినారు నీకు?"

అయ్యో అనలేదు, నిజమా అనలేదు. ఎవరు చెప్పారని అడిగింది!

"నీకు తెలుసునా?"

"తెలీకేటి." కూర్మమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. "మీ నాయన విల్లు పట్టినోడు, ఆడికి తెలీదా? ఆసుపత్రిలో కంటికి కట్టు కట్టుండగానే అడిగినాడు, పొద్దున్న విల్లుమీద సెయ్యేసినావా అని. ఏసినానన్నాను. నా నోరు మూసేసినాడు. లైన్లలో తెలిస్తే మొగుడి కన్ను తీసిన పెళ్ళామని బతకనివ్వరు, నువ్వు నోరెత్తకు, అడిగినోళ్ళకి కాళిముత్తు పేరు నేను సెప్పుకుంటాను అన్నాడు. ఆడు మగోడు, ఎక్కడైనా బతుకుతాడులే అన్నాడు."

"బతికినాడా?" అంది యోగేశ్వరి. "ఎస్టేటు ఇడిసిపెట్టి పోయినాడు. లారీ తోలినాడు. ముప్పై మూడేళ్ళు తన సెయ్యి తనే తిట్టుకున్నాడు. నాయన అది సూస్తూ అన్నం తిన్నాడా? నువ్వు వడ్డించినావా?"

"నా కోసం అబద్ధమాడినాడు మీ నాయన. నా మొగుడు నా కోసం అబద్ధమాడినాడు. దాన్ని నువ్వేటి తూకమేస్తావే?"

"మరి నా కోసం ఎవరు ఏటి సేసినారమ్మా?"

కూర్మమ్మ పళ్ళెం మళ్ళీ ముందుకి లాక్కుంది.

"దేవన్ వచ్చి అడిగినప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. రాత్రంతా ఏడిసినాను, నువ్వు పక్కనే పడుకుని నా తల నిమిరినావు. మంచి పని సేసినావు గుంటా అన్నావు. తెలిసే అన్నావు! ఒక్క మాట సెప్పుంటే, నా సెవిలోనే సెప్పుంటే, నేనెవరికి సెప్తును? నా బతుకమ్మా అది. నీ పరువుకి వండిపెట్టేసినావు."

ఎప్పుడూ తల్లిమీద గొంతెత్తని పిల్ల. ఆ అరుపుకి పక్కింటి కుక్క మొరిగింది. కూర్మమ్మ కళ్ళలో మొదటిసారి నీళ్ళు తిరిగాయి. కానీ ఆవిడ నోట వచ్చింది మాత్రం ఏడుపు కాదు.

"నువ్వు వద్దన్నాక ఆ గుంటడు ఊరుకున్నాడనుకుంటున్నావేటి? మర్నాడు ఇక్కడికొచ్చినాడు. నువ్వు డ్యూటీలో ఉన్నావు, మీ నాయన ఊళ్ళో లేడు. ఆ విరిగిన బద్ద ఇవ్వండత్తా, పెనాంగులో తెలిసినోళ్ళకి సూపిస్తాను, మా అప్పా తప్పు లేదని తేలిస్తే యోగి నన్ను సేసుకుంటాది అన్నాడు. గుమ్మంలో కూకుండిపోయినాడు, కదలడు. నేనేటి సేసేది? సెప్పేసినాను."

"ఏటి సెప్పేసినావు?"

"ఉన్నది ఉన్నట్టు సెప్పినాను. నేనే లాగి వదిలినానని. ఇది యోగికి తెలిస్తే నన్ను జన్మలో క్షమించదు, నేను ఉరేసుకుంటానన్నాను. కర్పూరం ఎలిగించి, ఆడి సెయ్యి దానిమీద ఎట్టించి ఒట్టేయించుకున్నాను. నీకూ సెప్పనని, ఆడి అయ్యకీ సెప్పనని. ఆ పొద్దే బస్సెక్కి పోయినాడు."

ఇరవై ఏళ్ళుగా యోగేశ్వరి అనుకున్నదేమిటి? తన మాటకి మనసు విరిగి పోయాడని. కాదు. ఆమె తల్లిని బతకనిచ్చి, తన తండ్రిని బలిచ్చి, నోరు కుట్టుకుని పోయాడు.

"అంటే దేవన్‌కి..."

"ఆడికి తెల్సు. ఇరవై ఏళ్ళ నుంచీ తెల్సు."

"ఎవుళికి తెల్సు అన్నావు, కూర్మమ్మా?"

ఇద్దరూ ఒక్కసారి తల తిప్పారు. కాళిముత్తు గుమ్మం కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. యోగేశ్వరి అరుపు విని కారు దిగి వచ్చినట్టున్నాడు. ఎంతసేపైందో తెలీదు. ముప్పై మూడేళ్ళ తర్వాత ఆ ఇంటి గుమ్మంలో ఆ ముఖం. కూర్మమ్మ కొంగు సర్దుకుంది, లేవబోయి లేవలేకపోయింది. అయినా చూపు దించలేదు.

"నీ కొడుక్కి," అంది.

తను కంటైనరు లారీ తోలిన రోజుల్లో పక్క సీట్లో కూర్చుని, అప్పా నీ తప్పు ఉండదప్పా అని ఓదార్చిన కొడుకు ఒక్కసారిగా ఆ మాట ఎందుకు మానేశాడో ఇప్పుడు అర్థమైంది ఆ తండ్రికి. జేబులో చెయ్యి పెట్టాడు. ఫోను తీశాడు. ఆ ఇనుప వేళ్ళతో నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోనును అరచేతిలో వాళ్ళిద్దరి వైపూ చాపాడు.

"అంకుల్, వద్దు," అంది యోగేశ్వరి.

రెండు రింగులు అయ్యాయి. మూడో రింగు సగంలో ఆగింది.

"చెప్పప్పా," అంది దేవన్ గొంతు.